పన్నెండు మంది కావాలి

సవరణ 1. సోమవారం

ఈ పుస్తకంలో కుడి పేజీ గమనికలకు, ఎడమ పేజీ సవరణలకు. అట్ట లోపల అచ్చు వేసి మరీ ఉంది: గమనికదారు కంటికి కనిపించింది మాత్రమే రాయాలి, అభిప్రాయం రాయకూడదు. ఆరేళ్లుగా అలాగే రాశాను. ఈ ఆరేళ్లలో ఎడమ పేజీ మీద ఒక్క చుక్క సిరా పడలేదు. అంత బుద్ధిమంతురాలిని! ఇవాళ్టి నుంచి ఎడమ పేజీలన్నీ నావి. ఒడ్డు ఆఫీసువాళ్లు చదువుకుంటే చదువుకోనీ.

నా పేరు అసిరమ్మ. ఏడో తెప్పకు గమనికదారుని. తెప్ప అనగానే నాలుగు దుంగలు కట్టిన తెప్ప అనుకోవద్దు. ఇనప డ్రమ్ముల మీద సిమెంటు పలకలు పరిచి, గొలుసులతో సముద్రం అడుగుకు లంగరు వేసిన ఊరు ఇది. మా ఊళ్లు నీళ్లలోకి పోయాక కట్టించారు. నాతో కలిపి రెండు వందల నలభై మందిమి. నాచు పెంచుతాం, దండేల మీద ఎండబెడతాం, శనివారం పడవకు ఎక్కిస్తాం. వాళ్లందరూ ఆ పని చేస్తారు. వాళ్లు ఏం చేస్తున్నారో నేను గీతలు పెడతాను. పని, తిండి, నిద్ర, పూజ, కొట్లాట అని గడులుంటాయి. చివరి గడి పేరు ఇతరం.

స్తంభాల మీద కెమెరాలూ ఉన్నాయి. మరి నేనెందుకంటే, కెమెరాకు కనిపించినదాని పేరేమిటో దానికి తెలియదట. పేరు పెట్టడం నా పని. నన్ను మాత్రం ఏ లెక్కలోనూ కలపరు. తూచేవాడు తాసులో కూర్చోకూడదట.

మా అన్న దానయ్య ఎనిమిది నెలల కిందట లంగరు గొలుసు బాగుచెయ్యడానికి దిగాడు. గొలుసు జారింది. మనిషి దొరకలేదు. వదిన నూకాలు పది రోజులు రాయిలా కూర్చుంది. పదకొండో రోజు పని గంటకు ముందు లేచి, తూర్పు అంచుకు వెళ్లి, నడుం మీద చేతులు పెట్టుకుని సముద్రాన్ని తిట్టడం అందుకుంది.

“ఏటే గంగీ, సిగ్గు లేదేటే నీకు? నాను పోసిన గంజి తాగి దిగినోడ్ని మింగీసినావు. నిండినాదేటే కడుపు? ఇంకా ఏ మొహం పెట్టుకోని నా కాళ్లకాడికొస్తన్నావే?”

అలా కాసేపు దులిపేశాక గొంతు తగ్గించి అన్నతో మాట్లాడుతుంది. “నీ వల సూది నీలయ్యకిచ్చినాను. తుప్పట్టించీసినాడు, సన్నాసి.” ఇలాంటివే. మొత్తం పావుగంట పడుతుంది. తర్వాత కొంగు దోపుకుని పనిలోకి వెళ్తుంది. మిగతావాళ్లు మధ్యాహ్నానికి మూడు దండేలు నింపితే వదిన నాలుగు నింపుతుంది.

ఏడు నెలలు నేను చూసీ చూడనట్టు వదిలేశాను. పోయిన వారం ఒడ్డు నుంచి నోటీసు వచ్చింది. ఏడో తెప్పలో ఇతరం గడి ఎప్పుడూ ఖాళీగా ఎందుకుంటోంది, గమనికదారు నిద్రపోతోందా అని. నాకు నిజాయితీ అనే దయ్యం పట్టింది. శనివారం ఉదయం ఆ గడిలో వదిన పేరు ఎదురుగా ‘సముద్రంతో దెబ్బలాట’ అని రాశాను. రోజూ గీతలు పెట్టినా శనివారం ఉదయం పేజీనే ఒడ్డు ఆఫీసు యంత్రం లెక్కపెడుతుంది. మధ్యాహ్నానికి పట్టిక వచ్చేసింది. అసాధారణ ప్రవర్తన, ఒకరు, నూకాలు.

నూటికి అయిదుగురైనా చెయ్యని పని ఏదైనా అసాధారణమే, మాకు రాసిపెట్టిన సూత్రం ఇది. వరసగా మూడు పట్టికల్లో పేరు పడితే మనిషిని సర్దుబాటుకు ఒడ్డుకు తీసుకుపోతారు. మూడు నెలలు ఉంచుతారు. వలలతో కబుర్లు చెప్పే అప్పలకొండను, నేను ఈ పుస్తకం పట్టకముందు, అలాగే తీసుకుపోయారు. తిరిగొచ్చాడు. ఇప్పుడు వీపు దురద పెట్టినా అటొకసారి ఇటొకసారి చూసి, ఇంకెవరైనా గోక్కుంటున్నారని తేలాక గోక్కుంటాడు. వదినను అలా చూడడం నావల్ల కాదు. రాసిన చేతిని నరుక్కోవాలన్నంత కోపంగా ఉంది.

సవరణ 2. శనివారం

పడవలో శశాంక్ గారు వచ్చారు. పంతొమ్మిది తెప్పలకూ ఆయనొక్కరే మానసిక నిపుణుడు. నాచు కట్టలు ఎక్కిస్తుండగానే ఆయన్ని పట్టుకున్నాను.

“బావూ, అది దెబ్బలాట కాదండి. పూజండి. తప్పు గడిలో రాసీసినాను. పూజ గడిలో రాసుంటే మీ యంత్రం దాని జోలికి ఎల్లదు కదా?”

“పూజలో తిట్లు ఉంటాయా అమ్మా?”

“మాకుంటాయి. మా మామ్మ అమ్మోరిని నాలుగు మాటలనకుండా దీపం ఎలిగించేది కాదు. ఏటకెళ్లినోడు రాకపోతే ఆడోళ్లందరూ గట్టుకెళ్లి గంగమ్మ మీద దుమ్మెత్తిపోసీవోరు. అదీ మొక్కేనండి. పరాయిదాన్ని తిడతామేటి?”

ఇది నిజం. కానీ గడిలో రాసే రోజున ఈ నిజం నాకు గుర్తు రాలేదు. ఆరేళ్లు గడులు నింపి నింపి మా మామ్మనే మరిచిపోయాను.

శశాంక్ గారు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆయన పెట్టె మీద కూర్చుని నిదానంగా చెప్పారు. “మేం చదువుకునే రోజుల్లో నాలుగు ప్రశ్నలు నేర్పేవారమ్మా. ఈ మనిషి బాధపడుతోందా? రోజువారీ పని చెడుతోందా? తనకో ఇతరులకో ప్రమాదం ఉందా? నలుగురికీ భిన్నంగా ఉందా? నాలుగూ కలిపి చూడాలి అనేవారు.”

“మరి సూడండి. పని సెడలేదు, నాలుగు దండేలు నింపతాది. పెమాదం ఎవులికి? సముద్రానికా? బాధంటారా, ఉంటాది. మొగుడు పోతే బాధ ఉండదా? లేకపోతే అప్పుడు అడగాలి మీరు, ఏటైనాదని.”

“నిజమే. కానీ మొదటి మూడూ అడగాలంటే ఒక్కొక్కరి దగ్గర ఒక మనిషి కూర్చోవాలి. నాకు పంతొమ్మిది తెప్పలు. నాలుగోదానికి మనిషి అక్కర్లేదు. మీ గీతలు చూసి యంత్రమే చెప్పేస్తుంది.”

అదీ సంగతి. అడగడం కష్టమని అడగడం మానేశారు. లెక్కపెట్టడం సులువని అదే శాస్త్రమైపోయింది. చీకట్లో పారేసుకున్న సూదిని దీపం ఉన్నచోట వెతికే తెలివి ఇది. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. ఆయన తల దించుకున్నారు. మధ్యాహ్నం పట్టిక మాత్రం వచ్చింది. ఒకసారి పేరు పెట్టాక, నేను గీత పెట్టకపోయినా కెమెరా గుర్తుపట్టేస్తుంది; నూకాలు పేరు రెండోసారి పడింది.

సవరణ 3. మంగళవారం

నిన్న వంటశాలలో గంజి పోసుకుంటూ లెక్క వేశాను. నన్ను తీసేస్తే రెండు వందల ముప్పై తొమ్మిది మంది. నూటికి అయిదు అంటే పన్నెండు. వదిన కాక ఇంకో పదకొండు మంది సముద్రాన్ని తిడితే అది అసాధారణం కాకుండా పోతుంది. ఒక్కరు తిడితే రోగం, పన్నెండు మంది తిడితే అలవాటు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గంజి పక్కన పెట్టి మనుషుల్ని అడగడానికి లేచాను.

గురమ్మత్త వెంటనే ఒప్పుకుంది. డెబ్బై దాటిన మనిషి, ఆమె ఊరు మొత్తం నీళ్ల కిందే ఉంది. వలలు కుట్టే నీలయ్య గొణిగి గొణిగి ఒప్పుకున్నాడు. సాయంత్రానికి పదకొండు మంది దొరికారు. సంగతి చెబితే వదిన పగలబడి నవ్వింది.

“నా తిట్లు మీకెందుకే? మీకు లేవేటి?”

ఇవాళ ఉదయం మొదటిసారి నిలబడ్డారు. నీలయ్య దండం పెట్టి మొదలుపెట్టాడు. “తల్లీ, నువ్వు సేసింది ఏటీ బాలేదు.” అక్కడితో ఆగిపోయి నా వంక చూశాడు. గురమ్మత్త అతన్ని పక్కకు నెట్టింది. “ఒలె గంగీ, నా మల్లెపందిరి మింగీసినావు, నా ముగ్గుగిన్నెలు మింగీసినావు, నా పెళ్లినాడు పాతిన కొబ్బరిసెట్టు మింగీసినావు, నీ నోట్లో మన్నడిపోనూ!” అని అందుకుని, పని గంట కొట్టినా ఆపలేదు. కళ్లనీళ్లు ధారగా కారుతున్నాయి. ముప్పై ఏళ్లుగా దాచుకున్నవి. ఏ పట్టికలోనూ ఆమె పేరు ఎప్పుడూ పడలేదు, ఎందుకంటే నోరు మెదపని బాధ యంత్రానికి మామూలే.

సవరణ 4. శనివారం

పన్నెండు గీతలు పెట్టాను. పన్నెండూ నిజమైనవే. మధ్యాహ్నం పట్టికలో అసాధారణ ప్రవర్తన దగ్గర ‘ఎవరూ లేరు’ అని వచ్చింది. వంటశాలలో బెల్లం పంచాం.

సవరణ 5. తొమ్మిది వారాల తర్వాత, శనివారం

బెల్లం పంచినందుకు నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి.

పన్నెండు అరవై అయింది. అరవై నూట యాభై అయింది. అందరికీ కడుపులో ఏదో ఒకటి ఉంది, బయటికి పోయే దారి దొరికింది. అక్కడివరకూ నాకూ బాగానే అనిపించింది. తర్వాత ఎవరెక్కడ నిలబడాలో తాడు కట్టారు. తర్వాత దానికొక కమిటీ, కమిటీకొక పెద్ద, అతను కొట్టడానికొక గంట. ముందు వరస కోసం నిన్న ఇద్దరు నిజంగానే కొట్టుకున్నారు. అది కొట్లాట గడిలో రాశాను. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని ఊరికే అనలేదు.

ఒడ్డు ఆఫీసు నుంచి మెచ్చుకుంటూ కాగితం వచ్చింది. దాంతోపాటు కొత్త పుస్తకాలు. పూజకూ కొట్లాటకూ మధ్యన ఇప్పుడు ఒక కొత్త గడి అచ్చయి ఉంది, ‘ఉదయపు తిట్టు’ అని. మూడు నెలల కిందటే ఈ గడి ఉండి ఉంటే మా వదిన గురించి ఎవరూ నోరెత్తేవారు కాదు.

వదిన మూడు వారాల కిందట మానేసింది. గంట మోగగానే అందరూ తూర్పు అంచుకు పోతుంటే తను దండేల దగ్గరికి వెళ్లి తడి నాచు విదిలిస్తూ ఉంటుంది. ఎందుకు రావడం లేదని అడిగాను.

“ఈ గోలలో నా మాట ఆడికెలాగ ఇనపడతాదే? గంగితో నా దెబ్బలాట నాకూ దానికీ మధ్యన. మీరందరూ పేరంటానికొచ్చినట్టు వొచ్చీసినారు.”

జనం పెరిగి పెరిగి, పోనివాళ్లు వదినతో కలిపి తొమ్మిది మందే మిగిలారు. పోయిన వారం పట్టికలో తొమ్మిది మంది పేర్లూ పడ్డాయి: ఉదయపు తిట్టులో పాల్గొనకపోవడం, అసాధారణం. నూటికి అయిదుగురైనా చెయ్యని పని ఏదైనా అసాధారణమే కదా, ఊరుకోవడం కూడా పనే కదా! సోమవారానికి ఎనిమిది మంది తాడు వెనక్కి వచ్చి నిలబడ్డారు. ఒక్క వదిన రాలేదు. ఇవాళ్టి పట్టికలో ఆమె పేరు ఒక్కటే ఉంది, రెండోసారి.

తిట్టినందుకు తీసుకుపోతామన్న మనిషినే ఇప్పుడు తిట్టనందుకు తీసుకుపోతారు. ఆ మనిషి అదే, ఆ మొగుడు అదే నీళ్లలో ఉన్నాడు, ఆమె నింపే దండేలు ఇప్పటికీ నాలుగే. మారింది చుట్టూ ఉన్న మంద. మంద ఎటు తిరిగితే అటు ఆరోగ్యమట. తూ!

“ఒదినా, ఊరికే ఎల్లి నిలబడు. పెదాలు కదుపు సాలు. గీత నాను పెడతాను” అని బతిమాలాను.

చేతిలో నాచు కింద పడేసి నా వంక చూసింది. “నా మొగుడి కాడ నాను నాటకమాడాలా?”

ఇంక ఆ మాట ఎత్తలేదు.

సవరణ 6. గురువారం

లెక్క మళ్లీ అదే. పన్నెండు మంది కావాలి. ఈసారి తిట్టడానికి కాదు, ఊరుకోవడానికి. వదిన కాక ఇంకో పదకొండు మంది శనివారం ఉదయం దండేల దగ్గర నిలబడితే ఆమె పేరు పట్టికకు ఎక్కదు.

తిట్టమంటే ఒక పూటలో దొరికిన మనుషులు, ఊరుకోమంటే నాలుగు రోజులైనా దొరకడం లేదు. నీలయ్య ఇంటికి మూడుసార్లు తిరిగాను.

“అప్పా, పన్నెండో మనిషి రాపోతే? పదకొండు మందిమీ పట్టికకెక్కుతాం.”

“ఒక్క పట్టికేరా. మూడు పడితే గదా తీసుకుపోతారు. ఆ మీద వారం మళ్లీ ఎల్లి తిట్టుకో.”

“ఎనిమిది మంది పేర్లు పడ్డనాడు సూసినాను గదా. వంటశాలలో ఆళ్ల పక్కన కూకున్నోడు లేడు.”

“ఆ ఎనిమిది మంది పక్కన నువ్వు కూకున్నావా?”

నీలయ్య సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు నటించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మొదటి రోజు నోరు పెగలక నిలబడితే, మర్నాడు వాడికి ధైర్యం ఇచ్చింది వదినే. ఇవాళ వాడు ముందు వరసలో ఉంటాడు. తిట్లకు ప్రాసలు కూడా కలుపుతున్నాడు.

కమిటీ పెద్ద దగ్గరికి కూడా వెళ్లాను. నలుగురితోపాటు తిట్టడానికి నూకాలుకు ఏం రోగం అన్నాడు. ఆ మాట అన్నందుకు అతన్ని నేను కొట్టబోయాను. కొట్టలేదు. కొట్టి ఉంటే కొట్లాట గడిలో అతని పేరు నా చేత్తో నేనే రాయాల్సి వచ్చేది.

గురమ్మత్త మాత్రం రెండో మాట లేకుండా వస్తానంది. “నాను సెప్పాల్సింది గంగికి సెప్పీసినాను. ఇంక దానికి తెలీదేటి?” ఆమె వెంట ఇంకొందరు ఆడవాళ్లు తల ఊపారు. లెక్కపెడితే మాట ఇచ్చినవాళ్లు పది మంది. వదినతో పదకొండు. పన్నెండోవాళ్లు లేరు.

సవరణ 7. శనివారం

గంటకు ముందే దండేల దగ్గరికి వెళ్లాను. చేతిలో పుస్తకం, జాకెట్టుకు గమనికదారు బిళ్ల. వదిన నాచు విదిలిస్తోంది. గురమ్మత్త వచ్చింది. ఒక్కొక్కరే వచ్చారు. గంట మోగేసరికి లెక్కపెట్టాను. మాట ఇచ్చిన పది మందిలో తొమ్మిది మందే. పదో మనిషి తాడు వెనకాల మొహం తిప్పుకుని నిలబడి ఉంది. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆమె భయం నాకు తెలుసు. అయినా కోపం తగ్గలేదు.

వదినతో పది. తూర్పు అంచున తిట్ల హోరు మొదలైంది. ఇంక అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు అప్పలకొండ వచ్చాడు. వాణ్ణి నేను అడగనైనా అడగలేదు. సర్దుబాటు నుంచి వచ్చినవాణ్ణి ఏం అడుగుతాం? అంచుకూ దండేలకూ మధ్యన ఆగి అటు చూశాడు, అక్కడ జనం. ఇటు చూశాడు, ఇక్కడ పది మంది. మళ్లీ అటు చూశాడు. తర్వాత మెల్లగా నడిచి వచ్చి గురమ్మత్త పక్కన నిలబడి, కింద పడ్డ వల ముక్క తీసి పట్టుకున్నాడు. పదకొండు.

నేను జాకెట్టుకున్న బిళ్ల పీకేశాను. నిబంధన నాకు కంఠతా వచ్చు: గమనికదారు ఉద్యోగం వదులుకున్న క్షణం నుంచి తెప్పవాసిగా లెక్కలోకి వస్తారు, ఆ సంగతి పుస్తకంలో రాస్తే చాలు. నాతో కలిస్తే రెండు వందల నలభై మంది, నూటికి అయిదు అంటే సరిగ్గా పన్నెండు. కొత్త గమనికదారు వచ్చేదాకా గీతలు నేనే పెడతాను, ఆ తర్వాత నేనూ నాచు మోస్తాను. మోస్తే మోశాను. ఆరేళ్లుగా మోసింది అంతకంటే బరువే.

మేం పన్నెండు మందిమీ అలా నిలబడి ఉన్నాం. దండేల చాటున హోరు కొంచెం తక్కువగా వినిపిస్తుంది. కింద డ్రమ్ముల సందున నీళ్లు కొట్టుకుంటున్నాయి. వదిన వంగి ఆ సందులోకి ఏదో చెప్పింది. తిట్టలేదు, చెప్పింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

“నీకేటైనా ఉంటే సెప్పు. ఇంటాడు.”

అన్న పోయి ఏడాది కావస్తోంది. నేను ఒక్కసారి కూడా ఏడవలేదు. నా పేరు ఎదురుగా ఏ గడీ లేదు కదా, ఎక్కడ రాసుకోను? నీళ్ల వంక చూస్తూ నోరు తెరిచాను.

“అన్నా, నీ పెళ్లాం పేరు ఇతరం గడిలో రాసింది నానేరా.”

వదిన నా వీపు మీద చెయ్యి వేసింది.

“ఆ పొద్దే సెప్పీసినాను ఆడికి. నిన్ను తిట్టొద్దన్నాను కూడాను.”

అప్పుడు ఏడ్చాను. అప్పలకొండ నన్ను చూసి, అటూ ఇటూ చూడకుండానే ఏడ్చాడు.

హోరు ఆగాక పుస్తకం తెరిచాను. ఉద్యోగం వదులుకుంటున్నానని కుడి పేజీలో మొదటి వరసలో రాశాను. దాని కింద ఉదయపు తిట్టు గడిలో పన్నెండు పేర్లకు ఎదురుగా తిట్టలేదని సున్నాలు చుట్టాను. పన్నెండోది నా పేరు. శశాంక్ గారి మొదటి మూడు ప్రశ్నలు ఎడమ పేజీలో, ఇదిగో ఇక్కడ రాస్తున్నాను. మమ్మల్ని ఎవరూ అడగలేదు కనక జవాబులు కూడా మేమే ఇస్తున్నాం. బాధ: ఉంది. పని: చెడలేదు. ప్రమాదం: ఎవరికీ లేదు. ఇది అభిప్రాయం కాదు. పక్కన కూర్చుంటే కంటికి కనిపించేదే.